కోస్గి సిస్టర్

ఆమె మా దవాఖానకు బదిలీ మీద వచ్చిన రోజే నాకు పడలేదు. వార్డులోకి వచ్చి, చేతిసంచి కుర్చీలో పెట్టి, చుట్టూ ఒకసారి చూసి, "అక్కా, ఎన్నేండ్ల సంది ఉన్నరు మీరు ఈడ?" అని అడిగింది. అడగడంలో తప్పేమీ లేదు, నవ్వుతూనే అడిగింది. కానీ ఆ వార్డులో నన్ను ఆ మాట అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. నేనెవరో తెలియకుండా ఆ గడప దాటి లోపలికి వచ్చిన మొదటి మనిషి ఆమె. ఆమె లోపల అడుగు పెట్టకముందే గడప దగ్గర నా పేరు ఆమెకు వినపడాల్సింది, వినపడలేదు. అందుకే ఒళ్లు మండింది.

మాది నల్లగొండ వైపు ఒక చిన్న పట్నంలో సర్కారు దవాఖాన. నేను కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుని. తెలంగాణ వచ్చాక, సర్కారులో కాన్పు చేసుకున్నవాళ్లకు బిడ్డ బట్టలు, సబ్బులు పెట్టి కిట్టు ఇవ్వడం మొదలయ్యాక, మా వార్డుకు జనం తాకిడి పెరిగింది. ఇదివరకు ప్రైవేటుకు పోయి అప్పుల పాలయ్యేవాళ్లు కూడా మా దగ్గరికే వచ్చారు. మంచాలు చాలక వరండాలో కూడా వేశాం. అంత జనంలో ఎవరికి ఏ మందు, ఎవరికి నొప్పులు ఎంతదాకా వచ్చాయి, ఎవరి బిడ్డ పాలు తాగడం లేదు, అంతా నా నోటి మీద ఉండేది. కాగితం చూడకుండా చెప్పేదాన్ని.

నా పద్ధతి ఒకటే. మా వైపు ఆడవాళ్లకు పేర్లు తక్కువ. ఒక్క వార్డులో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు తేలతారు. అందుకని నేను ఊరు పెట్టి పిలిచేదాన్ని. "రామన్నపేట ఆమెకు సెలైన్ అయిపోవచ్చింది, చూడు." "చిట్యాల ఆమె నడవాలె, లేపు." ఆయమ్మలకు, చిన్న సిస్టర్లకు అదే అలవాటైంది. పేషెంట్లు కూడా మంచం మీంచి ఊరు పేరు వినగానే చెయ్యెత్తేవాళ్లు. రాగానే వాళ్ల పక్కన కూర్చుని, ఏ ఊరు, ఎవరింటి బిడ్డవు, అత్తగారిది ఎక్కడ, పొలమా కూలా అని నాలుగు మాటలు మాట్లాడేదాన్ని. అందులోనే నాకు సగం కేసు తెలిసిపోయేది.

ఈ గర్వం నాకు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మా బాపు ఇంకొకరి ఇంట్లో ఏడాదికింత అని మాట్లాడుకుని పాలేరుగా జీతమున్న మనిషి. ఊళ్లో ఆయన్ని 'రా' అనకుండా పిలిచినవాళ్లు లేరు. మా ఇంట్లో నెల నెలా జీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నన్ను, గట్టి కేసు వచ్చినప్పుడల్లా మా డాక్టర్ మేడం, "సిస్టర్‌గారూ, మీరు జర నా పక్కన ఉండుండ్రి" అనేది. ఆ మాట కోసం పండగలకు కూడా డ్యూటీ వేయించుకున్నాను. ప్రమోషన్ మీద నాకు ఆశ లేదు. కేసు చెయ్యి దాటిపోతున్నప్పుడు మేడం ముందుగా పిలిచేది నన్నే కావాలి. ఇంతకు మించి ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

ఇక ఆమె సంగతి. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చింది, వాళ్లది కోస్గి. నాకన్నా చిన్నది. సన్నగా, పొడుగ్గా, చీర మడతలు చెదరకుండా ఉండేది. పన్నెండు గంటలు నిలబడ్డా ఆ మడతలు అట్లనే ఉండేవి, నాకు అదీ మంటే. పేరు పెట్టి పిలవడం ఇష్టం లేక, పేషెంట్లకు పెట్టినట్టు ఆమెకూ ఊరి పేరే పెట్టాను. కోస్గి సిస్టర్ అన్నాను. ఎగతాళికే అన్నాను. వారం తిరగకముందే వార్డంతా అదే పిలుపు, చివరికి మేడం కూడా. ఆమె దానికి మురిసిపోయింది. "మా ఊరు పేరు మీ నోట్ల మంచిగుంటది అక్కా" అంది. ఎగతాళి చేయడం కూడా చేతకాకుండా పోయింది నాకు.

వచ్చిన కొద్ది రోజులకే కొత్త పద్ధతులు మొదలుపెట్టింది. పొద్దున డ్యూటీ మారేటప్పుడు అందరూ వార్డు మధ్యలో గుండ్రంగా నిలబడాలి. మేడం, సిస్టర్లు, ఆయమ్మలు, స్ట్రెచర్ తోసే అతను, అందరూ. ఇవాళ ఎవరి గురించి భయం ఉందో ఒక్కొక్కరు చెప్పాలి. నిన్న ఏం తప్పబోయిందో చెప్పాలి. తప్పినవాళ్లని ఎవరూ ఏమీ అనకూడదు. నేను ఒక మూలన చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. నాకు అందరి మంచాల సంగతీ తెలుసు, మళ్లీ ఈ బతుకమ్మ ఆట ఎందుకు అనుకునేదాన్ని.

రెండో పద్ధతి ఇంకా ఘోరం. ఎవరికి అనుమానం వచ్చినా "ఆగు" అనవచ్చు. ఆయమ్మ అయినా సరే, డాక్టర్‌ని అయినా సరే. ఆగు అనగానే చేతిలో పని ఆపేయాలి. ఎందుకు అని తర్వాత అడగాలి. మేడం సరే అంది. మేడం సరే అన్నాక నేనెవరిని?

ఆ "ఆగు" మొదట పడింది నా మీదే. ఆపరేషన్‌కు ఒకామెను థియేటర్‌కు తీసుకుపోతున్నాను. ఆయమ్మ స్ట్రెచర్‌కు అడ్డం నిలబడింది.

"ఆగుండ్రి సిస్టరమ్మా. ఈమె ఇప్పుడే చాయ్ తాగింది, నేను చూసిన."

ఆపరేషన్ ముందు కడుపు ఖాళీగా ఉండాలి కదా, స్ట్రెచర్ అక్కడే ఆపేశాను. తీరా అడిగితే చాయ్ తాగింది ఆమె కాదు, తోడు వచ్చిన చెల్లెలు. ఇద్దరిదీ ఒకటే పోలిక. నేను ఆయమ్మను నాలుగు మాటలందామని నోరు తెరిచానో లేదో, కోస్గి సిస్టర్ వెనకనుంచి వచ్చి ఆయమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"మంచిగ ఆపినవ్ అవ్వా. మల్ల గిట్లనే ఆపు."

ఉత్తపుణ్యానికి ఆపినందుకు మెప్పు! ఆయమ్మ నడుం నిటారుగా పెట్టి నడిచింది ఆ రోజంతా. ఇన్నేళ్లలో ఆ ఆయమ్మ నాకు ఎదురు చెప్పలేదు, నేను ఆమె భుజం మీద చెయ్యి వేయలేదు. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పుకుని తిట్టాను. ఆయన అన్నం తింటూ, "నిజంగ తాగి ఉంటే ఏమయ్యేది?" అన్నాడు. ఆయనతో కూడా రెండు రోజులు మాట్లాడలేదు.

మూడోది పేరు చెప్పించడం. సూది వేసే ముందు, రక్తం ఎక్కించే ముందు, థియేటర్‌కు పోయే ముందు పేషెంటే తన పేరు తన నోటితో చెప్పాలి. మనం చదివి, నువ్వేనా అని అడగకూడదు. సిస్టర్ అడిగితే భయానికి ఎవరైనా తల ఊపుతారని ఆమె మాట. అది నిజమే, ఒప్పుకుంటాను. ఒకే పేరున్నవాళ్లు ఉంటారు కాబట్టి మొగుడి పేరు కూడా చెప్పించాలని మొదట పెట్టింది. అది మా దగ్గర నడవలేదు. ఈ కాలం పిల్లలు ఫోన్లో మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తారు, కానీ అత్త మంచం పక్కన కూర్చుంటే నోరు పెగలదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఒకామె, "ఆయినె పేరు మా అత్తనడుగుండ్రి" అంది. ఆ అత్త ఆ సమయానికి క్యాంటీన్‌లో ఉంది.

అప్పుడు కోస్గి సిస్టర్ దాన్ని మార్చింది. మొగుడి పేరు వద్దు, ఊరు చెప్పమందాం అంది. పేరు, ఊరు. అందరూ భలే అన్నారు. ఊరు నాది! ఇన్నేళ్లుగా వార్డును ఊరి పేర్ల మీద నడిపింది నేను. ఆ మాట ఒక్కరికీ గుర్తు రాలేదు. నేను పిలిస్తే అది అలవాటు, ఆమె అడిగితే అది పద్ధతి. నా ఇంట్లో గిన్నె నాకే వాయనం ఇచ్చినట్టుంది, దానికి మళ్లీ నేనే చప్పట్లు కొట్టాలి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఒక మధ్యాహ్నం ఒకామెను ఆటోలో తెచ్చారు. ఇంటి దగ్గరే నొప్పులు ఆపుకుని ఆపుకుని ఆలస్యంగా వచ్చింది, రక్తం పోతోంది. ఇలాంటి కేసు అనగానే నేను చేతులు కడుక్కోవడం మొదలుపెడతాను, ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు కూడా కడుక్కుంటున్నాను. థియేటర్ లోపలినుంచి మేడం గొంతు వినపడింది.

"కోస్గి సిస్టర్‌ను పిలువుండ్రి. జల్ది."

నల్లా తిప్పి ఉంది, నీళ్లు పోతున్నాయి, నేను అట్లాగే నిలబడ్డాను. ఆమె నా పక్కనుంచే పరుగెత్తింది. పోతూ పోతూ, "అక్కా, మీరు బిడ్డ దగ్గర ఉండుండ్రి, మీరుంటే నాకు ధైర్యం" అంది. నాకు ధైర్యం అట! నన్ను బిడ్డల వైపుకు తోసి, మేడం పక్కన నిలబడి, పైగా ఓదార్పు.

లోపల ఆమె ఎలా చేస్తుందో బిడ్డను తుడుస్తూ చెవులు అటే పెట్టి విన్నాను. ప్రతిదీ పైకి అంటోంది. ఇంత రక్తం పోయింది. సూది వేశాను. రక్తం అద్దడానికి కడుపులో పెట్టిన గుడ్డలు ఇన్ని, బయటికి వచ్చినవి ఇన్ని. మేడం అవునంటోంది, మత్తు డాక్టర్ అవునంటున్నాడు. ఒక గుడ్డ లెక్క కుదరలేదంటే కుట్లు ఆపేసి అందరూ వెతికారు, అది కిందనే బకెట్ అంచున దొరికింది. నేను లోపల ఉంటే అదే లెక్క మనసులో పెట్టుకునేదాన్ని. తప్పేదాన్ని కాదు. కానీ నా మనసులోని లెక్క మేడంకు వినపడేది కాదు కదా. ఆమె లెక్క థియేటర్ అంతా వినపడింది. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. నేను సంతోషపడ్డాను, కానీ ఆ సంతోషాన్ని మింగలేకపోయాను. 

అప్పటినుంచి ఒకటే ఎదురుచూపు నాది, ఆమె తప్పు చేయాలని. పేషెంటుకు ఏం కాకూడదు, అది మాత్రం మొక్కుకునేదాన్ని. పేషెంటుకు ఏం కాకుండా, అందరూ చూస్తుండగా, ఆమెకు తల కొట్టేసినట్టు కావాలి. అట్లాంటి తప్పు ఒక్కటి పంపు దేవుడా అనుకునేదాన్ని.

దేవుడు పంపాడు.

ఆ రోజు మధ్యాహ్నం, చుట్టాలు చూడటానికి వచ్చే సమయం. వార్డంతా టిఫిన్ డబ్బాలు, పసిపిల్లల ఏడుపులు. మా దగ్గర ఒకే పేరున్నవాళ్లు ఇద్దరున్నారు. ఒకామె ఆపరేషన్ అయి రక్తం తక్కువైంది, ఆమెకు రక్తం ఎక్కించాలి. ఆమె అత్తగారిది రామన్నపేట. రెండో ఆమెకు మామూలు కాన్పు. ఆమె తల్లిగారిది రామన్నపేట, ఇచ్చింది కోస్గికి. తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. పొద్దున్నే ఫ్యాను తిరగడం లేదని మొదటి ఆమె ఉడికిపోతుంటే, రెండో ఆమె జాలిపడి కిటికీ దగ్గరి తన మంచం ఆమెకిచ్చి, ఈ మంచం మీదికి వచ్చి పడుకుంది. వాళ్లలో వాళ్లే మార్చుకున్నారు, మాకెవరికీ చెప్పలేదు. కేసు కాగితాలు మాత్రం ఎక్కడి మంచానికి అక్కడే వేలాడుతున్నాయి.

కోస్గి సిస్టర్ రక్తం సంచీ తెచ్చింది. తోడుగా చిన్న సిస్టర్‌ను పిలుచుకుంది, ఇద్దరూ చూడాలని ఆమె నియమమే. సంచీ మీది కాగితం, మంచం మీది కాగితం పక్కపక్కన పెట్టి చదివారు. కుదిరింది. ఆపైన అడిగింది.

"నీ పేరేంది బిడ్డా?"

చెప్పింది. అదే పేరు.

"ఏ ఊరు?"

"రామన్నపేట."

అదే ఊరు. తల్లిగారింటికి వచ్చిన పిల్లను ఏ ఊరని అడిగితే ఏం చెబుతుంది? తల్లిగారి ఊరే చెబుతుంది. ఆ ఇంటి నీళ్లు తాగుతోంది, ఆ ఇంటి అన్నం తింటోంది, అమ్మ పక్కనే కూర్చుని తల దువ్వుతోంది. ఆడదానికి రెండు ఊళ్లు ఉంటాయి. ఎక్కడుంటే అది చెబుతుంది. కోస్గి అని ఒక్కసారి నోరు జారినా చాలు, మన సిస్టర్ పని ఆపి, ఎవరింటి కోడలివని గంట సేపు మాట్లాడేది.

నేను అటు చివర మంచం దగ్గర సూది వేస్తున్నాను. రామన్నపేట అనే మాట ఆ గొంతులో చెవిన పడింది. పొద్దున ఆ గొంతుతోనే ఆ పిల్ల, మా అత్తగారింటి కాడ, కోస్గిల, ఎండలు మస్తు సిస్టరమ్మా, మా అమ్మ కాడనే పానం మంచిగుంటది అని నాకు చెప్పింది. తల తిప్పి చూశాను. రక్తం సంచీ కొక్కానికి ఎక్కింది. కోస్గి సిస్టర్ వేళ్లు గొట్టం బిగింపు మీద ఉన్నాయి.

"ఆగు!"

వార్డంతా ఉలిక్కిపడింది. ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. ఆమె ఎందుకు అని అడగలేదు. వెనక్కి తిరగను కూడా తిరగలేదు. ముందు వేళ్లు తీసేసింది, తర్వాత నా వైపు చూసింది.

"ఆ పిల్ల కాదు. ఆ పిల్లది కోస్గి. రామన్నపేట తల్లిగారిది. రక్తం ఎక్కాల్సింది గా కిటికీ కాడున్న ఆమెకు."

చెబుతున్నప్పుడు నాకెంత సంతోషంగా ఉందో అంత నిజంగా చెబుతున్నాను. నా గొంతు పెద్దది చేసుకునే చెప్పాను. తోడు వచ్చిన చుట్టాలు లేచి నిలబడ్డారు. మేడం తలుపు దగ్గర ఉంది, అదింకా మంచిదైంది. ఒక్క బొట్టు పోలేదు. పిల్లకు ఏం కాలేదు. నేను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది.

ఆమె మొహం తెల్లబోతుందని, ఏదో సాకు చెబుతుందని, చిన్న సిస్టర్ మీదికి నెడుతుందని చూశాను. ఆమె రక్తం సంచీ కొక్కెం మీంచి దించింది. అందరికీ వినపడేట్టు,

"అక్కా, మంచిగ ఆపిన్రు. నేను తప్పు మనిషికి పెట్టబోయిన," అంది.

అంతే. మళ్లీ కిటికీ దగ్గరికి పోయి, పేరు అడిగి, ఊరు అడిగి, అత్తగారిదా తల్లిగారిదా అని కూడా అడిగి, కాగితాలు తెప్పించి, నన్నే తోడు నిలబెట్టుకుని రక్తం పెట్టింది. పెట్టాక ఆమె చేతులు చూశాను. వణుకుతున్నాయి. వణుకు ఆగేదాకా ఆమె ఆ మంచం కమ్మిని పట్టుకుని నిలబడింది. జాలి పడాల్సింది నేను. పడలేదు. ఆ వణుకును కూడా అందరి ముందు దాచకుండా నిలబడ్డ తీరు చూసి ఇంకా కుళ్లుకున్నాను.

మర్నాడు పొద్దున గుండ్రంగా నిలబడ్డప్పుడు మొదట మాట్లాడింది ఆమె. ఏం జరిగిందో పూస గుచ్చినట్టు చెప్పింది, తన తప్పు ఎక్కడెక్కడ ఉందో కూడా. మంచాలు మారిన సంగతి చూడలేదని, ఊరు ఒక్కటే అడిగి చాలనుకున్నానని. చివర, "అక్క ఆపకుంటే ఈ పాటికి ఆ పిల్ల లేదు" అంది. మేడం కళ్లు తడిశాయి. "ఇట్ల చెప్పుకోవాలంటే ఎంత ధైర్యం ఉండాలె" అంది ఆమె వైపు చూసి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆపింది నేను, చప్పట్లు తప్పబోయిన మనిషికి! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక ఊరు పనికిరాదు, ఇంకేం అడుగుదాం అని మేడం అందరినీ అడిగింది. ఒకరు ఆధార్ అన్నారు, ఒకరు ఫోన్ నంబర్ అన్నారు. పనికిమాలిన మాటలు వింటూ ఊరుకోలేక నేనే అన్నాను.

"నాయిన పేరు అడుగుండ్రి. మొగుని పేరు చెప్పనోళ్లు గూడ నాయిన పేరు చెప్తరు. నోరు నిండ చెప్తరు. అత్త పక్కనుంటే ఇంకింత గట్టిగ చెప్తరు."

అందరూ నవ్వారు, కానీ అదే ఖాయమైంది. దవాఖానలో చేరేటప్పుడే తండ్రి పేరు అడిగి, చేతికి పట్టీ కట్టి దాని మీద రాయడం మొదలైంది. మంచం మారినా పట్టీ మనిషితో పోతుంది. అట్లా అడుగుతుంటే ఎన్ని సంగతులు చూశానో. ఒకామె చనిపోయిన తండ్రి పేరు చెప్పి మంచం మీదే కళ్లు తుడుచుకుంది. ఒక ముసలామె, గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చినామె, మా నాయిన పేరు అడిగి ఎన్నేండ్లయింది బిడ్డా అని నా చెయ్యి వదల్లేదు. ఇదంతా నా మాట వల్ల వచ్చింది.

మరి పేరు ఎవరికి? వేరే దవాఖానల నుంచి సిస్టర్లు మా పద్ధతి చూడటానికి వస్తే, మేడం వాళ్లను నేరుగా ఆమె దగ్గరికి తీసుకుపోయింది. కోస్గి సిస్టర్ పద్ధతి అని పరిచయం చేసింది. నేను పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తున్నాను. ఆమె వెంటనే, "కాదు మేడం, నాయిన పేరు మాట అక్కది. ఆ రోజు ఆపింది కూడ అక్కనే" అని నా చెయ్యి పట్టి ముందుకు లాగింది. వచ్చినవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. ఫోటో కూడా తీశారు. ఆ ఫోటోలో నా మొహం చూడాలి, ఎవరో గిచ్చినట్టుంది.

ఆమె నా పేరు దాచుకుని ఉంటే బాగుండేది. అప్పుడు ఆమెను మనసారా అసహ్యించుకునేదాన్ని. నా పేరు నాకే తెచ్చి చేతిలో పెట్టింది. కుళ్లుకోవడానికి కూడా చిన్న సందు మిగల్చని మనిషితో ఎలా వేగాలి? ఆమెకు మళ్లీ బదిలీ కావాలని కోరుకుంటూనే ఉన్నాను. పెద్దాఫీసులో బదిలీల మాట వినపడినప్పుడల్లా చెవులు రిక్కించేదాన్ని.

కిందటి ఎండాకాలం నాకే ఒంట్లో బాగా లేకుండా పోయింది. చాలా కాలం నుంచి గర్భసంచిలో గడ్డలున్నాయి. ఊళ్లవాళ్లందరికీ దాచుకోవద్దని చెప్పే నేను, నాది మాత్రం ఎవరికీ చెప్పకుండా లాక్కొచ్చాను. చివరికి డ్యూటీలోనే కళ్లు తిరిగి కూలబడ్డాను. సంచి తీసేయాలని మేడం చెప్పింది. రక్తం తక్కువ ఉంది, గడ్డ పెద్దది, సులువైన ఆపరేషన్ కాదని కూడా దాచకుండా చెప్పింది.

మా ఆయన హైదరాబాద్ పోదాం అన్నాడు. "హెల్త్ కార్డున్నది గద, పెద్ద దవాఖానల చేయించుకుందాం, ఈడ ఎందుకు?" అన్నాడు. అద్దాల బిల్డింగులు, ఏసీ గదులు ఏవేవో ఫోన్లో చూపించాడు. ఈడనే అన్నాను. ఎందుకని అడిగితే మేడం చెయ్యి మంచిదన్నాను. మేడం చెయ్యి మంచిదే. అబద్ధమేం కాదు.

మేడం సోమవారం చేద్దాం అంది. సరే అని బయటికి వచ్చి, గోడకు అంటించిన డ్యూటీ చార్టు చూశాను. నా డ్యూటీలు తీసేశారా లేదా చూద్దామని పోయానని నాకు నేనే చెప్పుకున్నాను. సోమవారం గడిలో కోస్గి సిస్టర్‌కు లీవు రాసి ఉంది. ఊరికి పోతోంది, గురువారానికి తిరిగి వస్తుంది. థియేటర్‌లో వేరే ఇద్దరున్నారు. మంచివాళ్లే. పని నేనే నేర్పించాను ఇద్దరికీ.

ఆ గడి మీద వేలు పెట్టి మళ్లీ చదివాను. మత్తులో ఉంటాను. నోరు ఉండదు నాకు. ఎవరి చెయ్యి ఎక్కడికి పోతోందో చూడటానికి నా కళ్లు ఉండవు. మేడం అలిసిపోయి తొందరపడితే ఆపేదెవరు? గుడ్డ ఒకటి తక్కువైతే, పైకి అనడానికి భయపడకుండా అనేదెవరు? నేను నేర్పినవాళ్లే, నా లాగే మనసులో లెక్క పెట్టుకుంటారు. మేడం తల ఎత్తి చూస్తే సరే అని తల ఊపుతారు.

మళ్లీ మేడం గదిలోకి పోయాను.

"సోమవారం వద్దు మేడం. గురువారం చేయుండ్రి."

"ఎందుకు? ఆగే కేసు కాదు గద ఇది."

"సోమవారం అమావాస్య."

మేడం గోడ మీది క్యాలెండర్ చూసింది, నన్ను చూసింది.

"అమావాస్య పోయి నాలుగు రోజులాయె సిస్టర్. ఇన్నేండ్లల్ల మీరు ఎన్నడు గిట్ల అడగలే. ఏమైంది? భయమైతాందా?"

నోరు తెరిచాను. ఏదైనా చెప్పవచ్చు. మా అత్త ఊరికి పోయిందని చెప్పవచ్చు, కొడుకుకు పరీక్షలని చెప్పవచ్చు. ఒక్కటీ రాలేదు.

"సోమవారం కోస్గి సిస్టర్ ఉండది మేడం," అన్నాను.

మేడం నా కేసు కాగితం ముందుకు లాక్కుంది. పెన్ను తీసి సోమవారం కొట్టేసి గురువారం రాసింది. నాకు ఏడుపు ఆగలేదు. దవాఖానలో అందరి ఏడుపులు ఆపిన మనిషిని, స్టూల్ మీద కూర్చుని మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పి ఎక్కువైందనుకున్నట్టుంది, మేడం ఇంజక్షన్ రాసిచ్చింది. నేను కాదనలేదు.